నిద్రమాత్రా, చీకటీ



మన ఇళ్ళల్లో పోపులపెట్టె ఎంత ఖాయమో, ఈ రోజుల్లో తలగడ పక్కన మాత్రల డబ్బా కూడా అంత ఖాయమైపోయింది. బి.పి. మాత్ర, షుగరు మాత్ర, వాటి మధ్యన ఓ చిన్న నిద్రమాత్ర. ఆ చిన్నదాన్ని గురించే ఈ పూట నాలుగు మాటలు చెప్పుకుందాం. నేను డాక్టర్ని కాను. మెట్రిక్‌తో చదువు ఆపి కాపురానికి వచ్చినదాన్ని. కాని మా ఇంట్లో జరిగిన ఒక సంగతి ఈ విషయాన్ని పదిమందినీ అడిగి తెలుసుకునేలా చేసింది.

మా పెద్ద ఆడపడుచుగారిది పాల్వంచ. వదినా అని పిలుస్తాను. మా అన్నయ్యగారు పోయిన కొత్తలో ఆవిడకి రాత్రిళ్ళు కంటిమీద కునుకు ఉండేది కాదు. అప్పుడు డాక్టరు పదిరోజులకని అల్ప్రాజొలామ్ రాసిచ్చారు. ఆ పదిరోజుల చీటీతోనే వదిన మూడేళ్ళు గడిపేసింది.

ముక్కోటికి అందరం భద్రాచలం వెళ్ళాం. గోదావరిలో తెప్పోత్సవం చూసి సత్రానికి వచ్చాక, "ఇదిగో చూడవే, స్వామి సన్నిధిలో చెబుతున్నా. ఇక ఆ మాత్ర ముట్టను" అంది. మేమంతా మెచ్చుకున్నాం. రెండోరోజు రాత్రి నిద్ర లేదు. మూడోరోజు చేతులు వణుకు, ఒళ్ళంతా చెమట, తలుపు చప్పుడైతే చాలు ఉలిక్కిపడటం. పక్కగదివాళ్ళు గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించమన్నారు. అబద్ధమెందుకు, నేనూ సగం నమ్మాను.

ఆసుపత్రికి తీసుకువెళితే డాక్టరుగారు నాడి పట్టుకుంటూనే, "ఏ మాత్ర వాడేవారు? ఎప్పుడు మానేశారు?" అని అడిగారు. విని, "ఇది కల్తీ కల్లు మానినవాళ్ళకి వచ్చే బాధేనమ్మా" అన్నారు. మా వదిన మొహం చూడాలి! కల్లుకుండ ఎదురొస్తే పక్కకి తప్పుకునే మనిషి.

కాని ఆయన చెప్పింది నిజం. మా అడవుల వైపు తాటికల్లు, జీలుగుకల్లు ఉన్నాయి. చెట్టునుంచి దించిన కల్లు వేరు, నీళ్ళలో పొడి కలిపి తయారుచేసే కల్లు వేరు. ఆ పొడిలో ఉండేవి అల్ప్రాజొలామ్, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మందులే. 2015లో తెలంగాణలో కల్తీ కల్లుని గట్టిగా అరికట్టినప్పుడు, అలవాటుపడినవాళ్ళు ఒక్కసారిగా అది దొరక్క, వణుకుతో, పిచ్చిచూపులతో, మూర్ఛలతో నిజామాబాద్, మహబూబ్‌నగర్ ఆసుపత్రులకి వచ్చిపడ్డారు. వాళ్ళు సీసాలో తాగింది మా వదిన చీటీమీద మింగింది. అంతే తేడా.

ఎందుకిలా అవుతుంది? మన మెదడులో గాబా అనే రసాయనం ఉంది. పరిగెత్తే ఆలోచనలకి అది బ్రేకులాంటిది. అది వచ్చి పట్టుకునే చోట్లని గ్రాహకాలంటారు. నిద్రమాత్ర ఆ గ్రాహకంమీదే పక్కగా కూర్చుని, బ్రేకు మరింత గట్టిగా పడేటట్టు చేస్తుంది. ఈ మాత్రలకి మెదడులో ప్రత్యేకంగా చోటు ఉందని 1977లో కనిపెట్టారు. నెలల తరబడి మాత్ర వేస్తే గ్రాహకాలు మొద్దుబారతాయి. అప్పుడు మాత్ర ఒక్కసారిగా తీసేస్తే బ్రేకు సరిగా పడదు. వణుకూ, భయమూ, ఒక్కోసారి మూర్ఛా అందుకే.

ఇక మనకి సొంతంగా ఒక రాత్రిమందు ఉంది. దానిపేరు మెలటోనిన్. మెదడు నడుమ వడ్లగింజంత ఉండే పీనియల్ గ్రంథి దాన్ని తయారుచేస్తుంది. 1958లో అమెరికాలో ఆరన్ లెర్నర్ అనే చర్మవైద్యుడు వేలాది పశువుల గ్రంథులు పోగుచేసి దీన్ని వేరుచేశారు. ఆయన వెతికింది చర్మపు రంగుకోసం, దొరికింది నిద్రకి సంబంధించిన హార్మోను! పొద్దుగూకాక ఇది ఊరడం మొదలై, నడిరాత్రి దాటాక నిండుగా ఉండి, తెల్లవారేసరికి తగ్గిపోతుంది. కంట్లో వెలుతురు పడితే ఊట ఆగుతుంది. వయసు మళ్ళినకొద్దీ కూడా తగ్గుతుంది.

ఈ హార్మోనుకి వేరే గ్రాహకాలున్నాయి. అయినా అక్కడనుంచి అది గాబా గ్రాహకాలమీద కూడా చెయ్యి వేస్తుందని జంతువులమీద చేసిన పరిశోధనల్లో తేలింది. మెదడులో ఒకచోట బ్రేకుని పెంచుతుంది, మరోచోట తగ్గిస్తుంది. నిద్రమాత్ర పట్టే చోటుని వేరే మందుతో మూసేస్తే, జంతువుల్లో మెలటోనిన్ పనికూడా కొంత తగ్గింది. అంటే చీకటి ఇచ్చే మందూ, దుకాణం ఇచ్చే మందూ ఒకే గుమ్మం దగ్గర ఎదురుపడుతున్నాయన్నమాట.

ఇంకో సంగతి వినండి. ఒక్క మోతాదు అల్ప్రాజొలామ్ ఇస్తేనే మనుషుల రక్తంలో ఆ రాత్రి మెలటోనిన్ తగ్గిందని 1988లో వచ్చిన ఒక చిన్న పరిశోధన చెప్పింది. నిద్రకోసం వేసుకున్నదే రాత్రి ఊటని తగ్గిస్తే, ఏమనుకోవాలి?

అయితే మెలటోనిన్ మాత్ర వేసుకుని ఆ మాత్ర మానేద్దామా అంటారేమో. 1999లో ఇజ్రాయెల్‌లో అలాగే చేసి చూశారు. మెలటోనిన్ తీసుకున్న 18 మందిలో 14 మంది నిద్రమాత్ర మానగలిగారు. ఉత్తుత్తి మాత్ర తీసుకున్న 16 మందిలో మానినవారు నలుగురే. వినడానికి బాగుంది కదా? కాని ఆ తరువాత జరిగిన పరిశోధనలన్నిటినీ కలిపి చూస్తే అంత మేలు కనబడలేదు. కాబట్టి దుకాణంలో చాక్లెట్లలా అమ్ముతున్నారు గదా అని కొనేసి, పాతమాత్ర పారెయ్యకండి. డాక్టరుని అడగకుండా రెండూ కలిపి మింగకండి.

మా వదినకి ఆ డాక్టరుగారు మాత్ర మళ్ళీ మొదలుపెట్టి, తరువాత కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వచ్చారు. ఐదునెలలు పట్టింది. దానితోపాటు ఇంట్లో కొన్ని మార్పులు చేయించారు. సాయంత్రం కాఫీ మానడం, పడుకునే రెండుగంటల ముందే ట్యూబులైటు తీసేసి చిన్నదీపం పెట్టుకోవడం, ఫోను వేరేగదిలో ఉంచడం, పొద్దున్నే ముగ్గు వేసే వేళకి కాసేపు ఎండలో నిలబడడం. ఇవి చిల్లరపనుల్లా అనిపిస్తాయి. కాని రాత్రి ఊట సకాలంలో ఊరాలంటే పగలు వెలుతురూ, రాత్రి చీకటీ ఉండాలి. ఆ చీకటినే మనం పదకొండింటిదాకా సీరియళ్ళతో, సెల్లుతో పోగొట్టుకుంటున్నాం.

మీ ఇంట్లో అమ్మగారో, అత్తగారో, మీరే కావచ్చు, ఏళ్ళ తరబడి ఆ చిన్నమాత్ర వేసుకుంటూంటే నా మనవి ఒక్కటే. భయపడకండి, సిగ్గుపడకండి, మొక్కుకుని ఒక్కరోజులో మానకండి. ఆ డబ్బా పట్టుకువెళ్ళి, ఎన్నాళ్ళుగా వేస్తున్నారో దాచకుండా డాక్టరుకి చెప్పండి.

మా వదినకి ఇప్పటికీ కొన్ని రాత్రులు మెలకువగానే తెల్లవారుతుంది. అలాంటి రోజు పొద్దున్నే ఫోను చేసి, "రాత్రి నిద్ర లేదే, కానీ చెయ్యి వణకలేదు" అంటుంది. అదీ మాకు సంతోషమే.