దేవతల వాటా



విస్కీ గురించి ఒక బడిపంతులు రేడియోలో మాట్లాడటమేమిటని మీకు అనిపించవచ్చు. నిజమే. అయితే కిందటి దసరా సెలవుల్లో చూసిన ఒక విస్కీ కర్మాగారం మా ఇంటి పాత లెక్క ఒకటి నా ముందు పెట్టింది. దాన్నే మీతో చెప్పుకుంటాను.

మాది కోలారు బంగారు గనుల ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. మా నాయన గనిలోకి దిగి పనిచేసేవాడు. సంబళం రోజున గనికీ ఇంటికీ మధ్య ప్యాకెట్ సారాయి దుకాణం ఉండేది. అమ్మ ఖాళీ బియ్యం డబ్బా తుడిచిపెట్టి, గడపలో కూర్చుని ఎదురుచూసేది. గనులు 2001లో మూతపడ్డాయి. కర్ణాటకలో సారాయిని 2007లో నిషేధించారు. అంతవరకు నాయన లేడు.

అలాంటి ఇంట పుట్టిన నేనూ ఎప్పుడైనా ఒక పెగ్గు విస్కీ తీసుకుంటాను. దాని రుచి నాకు ఇష్టం. అయితే అమ్మకు తెలియకుండా, మా బావమరిది ఇంట్లో.

గోవా వెళ్ళినప్పుడు ఆ బావమరిదే, "సముద్రం రేపు చూద్దాం, రా బావా" అంటూ అద్దెకారులో మడ్‌గావ్‌కు దక్షిణాన ఉన్న కుంకోలిం తీసుకెళ్ళాడు. పాల్ జాన్ సింగిల్ మాల్ట్ విస్కీ తయారయ్యేది అక్కడే. సంస్థ మాత్రం మన బెంగళూరుది.

మాల్ట్ అంటే ఏమిటో మన ఆడవాళ్ళకు చెప్పనక్కరలేదు. రాగులు నానబెట్టి, మూటకట్టి, మొలకలొచ్చాక ఎండబెట్టి పిండి పట్టిస్తారు కదా, బార్లీతోనూ అదే పని. ఆ పిండిని వేడినీళ్ళలో కలిపితే తియ్యటి రసం దిగుతుంది. అందులో ఈస్ట్ వేసి కొన్ని రోజులు పులియబెడతారు. తర్వాత రాగిలోహపు పెద్ద కాగుల్లో రెండుసార్లు కాచి దించుతారు. నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరిగితే ఆల్కహాలు 78 దగ్గరే మరుగుతుంది. ఆ తేడాతోనే వేరవుతుంది. దిగేది నీళ్ళలాగే తెల్లగా ఉంటుంది. ఆ బంగారు రంగు, ఆ వాసన ఓక్ కొయ్య పీపాల్లో ఏళ్ళ తరబడి ఉంచితే వస్తాయి.

మన దేశంలో చౌకగా దొరికే విస్కీల్లో చాలావాటిలో ఉండేది చక్కెర మిల్లు మొలాసిస్ నుంచి తీసిన స్పిరిట్. ధాన్యంతో చేసి, కనీసం మూడేళ్ళు కొయ్యపీపాలో ఉంచనిదే యూరప్‌లో దాన్ని విస్కీ అననివ్వరు.

పీపాల గదిలో నన్ను ఆపింది మరో సంగతి. కొయ్యలోంచి ఏటా కొంత సరుకు ఆవిరైపోతుంది. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు దేవతల వాటా. చల్లని స్కాట్లాండులో అది ఏడాదికి సుమారు 2 శాతం. గోవా ఉక్కకు సుమారు 8 శాతం. పంతులును కదా, మనసులో లెక్క వేశాను. 200 లీటర్ల పీపా అయిదేళ్ళకు స్కాట్లాండులో 180 లీటర్ల పైచిలుకు మిగిలితే, ఇక్కడ మిగిలేది 132. అయితే ఈ వేడికే విస్కీ త్వరగా పక్వానికి వస్తుంది.

చివర రుచి చూపించారు. ముందు వాసన చూడమన్నారు, నాలుగు చుక్కల నీళ్ళు కలపమన్నారు, ఆ తర్వాతే గుక్క. తేనె, కాల్చిన ధాన్యం, కాస్త మిరియం ఘాటు. మా వీధి సారాయి వాసనకూ దీనికీ పోలికే లేదు. అయినా నాకు నాయనే గుర్తొచ్చాడు.

ఇంటికొచ్చాక ఇక దాచబుద్ధి కాలేదు. అమ్మకు అంతా చెప్పాను, తెచ్చిన చిన్న సీసా చూపించాను. ఆమె సీసా ముట్టుకోలేదు. దేవతల వాటా మాట మాత్రం మళ్ళీ అడిగి చెప్పించుకుంది. కాసేపు ఊరకుండి, "మీ నాయన సంబళంలో మన ఇంటికి వచ్చింది ఆ వాటానేరా" అంది.

మాకు ఆ రెండో, ఎనిమిదో దక్కేది. మిగతా పీపా అంతా దుకాణానిది.

నేను తల ఎత్తలేదు. లేస్తూ అమ్మే మళ్ళీ అంది: "బియ్యం వచ్చినాక, బిడ్డల ఫీజు కట్టినాక, మిగిలితే తెచ్చుకో. దాచి తాగొద్దు."

మద్యంలో ఆరోగ్యానికి హాని లేని మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. అందుకని ఎవరినీ తాగమని నేను చెప్పను. తాగేవారుంటే మాత్రం, ఈ నెల సంబళంలో ఇంటికి చేరింది పీపానా, దేవతల వాటానా అని ఒక్కసారి లెక్క చూసుకోండి. ఆ సీసా ఇప్పుడు మా వంటింటి అలమరలో, బియ్యం డబ్బా పక్కనే ఉంది.