నోటీస్ పీరియడ్ మూఢంలో పెట్టుకున్నాడు: సాఫ్ట్‌వేర్ జాబ్ నుంచి పెళ్లి ఫొటోగ్రఫీకి

ఈ మధ్య నాకు ఒక మెసేజ్ తెగ రిపీట్ అవుతోంది. "అన్నా, ఐటీలో ఉన్నా, కెమెరా అంటే పిచ్చి, జాబ్ మానేసి వెడ్డింగ్ ఫొటోగ్రఫీ చేద్దామనుకుంటున్నా, ఏమంటావ్?" అని. నేను కూడా నాలుగేళ్లు కోడ్ రాసి బయటికొచ్చి వీడియోలు చేసుకుంటున్నవాణ్ణే కదా, "దూకెయ్ తమ్ముడూ" అంటాననుకుంటారు. అనను. వద్దని కూడా అనను. మా బీటెక్ రూమ్మేట్ ఒకడు సరిగ్గా ఇదే పని చేశాడు. పేరు చెప్పొద్దన్నాడు, లెక్కలు మాత్రం చెప్పుకోమన్నాడు. వాడి పక్కన సెకండ్ కెమెరా పట్టుకుని నేనూ ఓ పదీ పన్నెండు పెళ్లిళ్లు తిరిగా కాబట్టి, వాడి కథే చెప్తా.

వాళ్లది నరసరావుపేట. నాన్నగారు ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. వీడు ఇంటికెళ్లి, ల్యాప్‌టాప్‌లో ఎక్సెల్ షీట్ ఓపెన్ చేసి, "ఏడాదికి పాతిక పెళ్లిళ్లు చేస్తే ఖర్చులు పోను ఇప్పుడొచ్చే జీతానికి దగ్గరగా వస్తుంది నాన్నా" అని చూపించాడు. ఆయన అంతా విని ఒకటే అడిగారు. "నెలకెంతొచ్చిద్దిరా?"

"ఏడాదికి చెప్పా కదా నాన్నా."

"నేను నెలకి అడుగుతున్నా. కరెంటు బిల్లు ఏడాదికోసారి రాదుగా."

అసలు పాయింట్ అదే. మీ ఫొటోలు బాగుంటాయా లేదా అన్నది తర్వాత సంగతి. జీతం నెలకోసారి పడుతుంది, పెళ్లి మాత్రం పంచాంగాన్ని బట్టి పడుతుంది.

చూడండి, ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు. భాద్రపదం, పుష్యం కూడా దాదాపు ఖాళీయే. వీటికి తోడు మూఢం. గురుడు గానీ శుక్రుడు గానీ సూర్యుడికి మరీ దగ్గరగా వచ్చి ఆకాశంలో కనపడకుండా పోయే రోజులన్నమాట. మీకు నమ్మకం ఉందా లేదా అన్నది ఇక్కడ అనవసరం. మీ కస్టమర్‌కి ఉంది, అంతే. ఇందులో శుక్రుడు సూర్యుడికి అవతలి వైపు వెళ్లినప్పుడు వచ్చే పెద్ద మూఢం సుమారు 19 నెలలకోసారి వస్తుంది. అంటే ప్రతిసారీ వేరే సీజన్ మీద పడుతుంది. 2024లో ఏప్రిల్ ఆఖర్లో మొదలై మే, జూన్ తినేసింది. మనకి పీక్ సీజన్ అది! తర్వాతది 2025 నవంబర్ ఆఖరు నుంచి ఈ ఫిబ్రవరి సగం దాటేదాకా. ఈ 2026లో అది కాక అధిక జ్యేష్ఠం కూడా ఉంది, మే 17 నుంచి జూన్ 15 దాకా. అందులోనూ చేయరు.

ఇంకో తిప్పలేంటంటే, మంచి ముహూర్తం ఉన్న రోజు ఊళ్లో అందరికీ అదే రోజు కావాలి. ఆ రోజు నలుగురు ఫోన్ చేస్తారు, మీరు ఒక్కళ్లకే వెళ్లగలరు. మిగతా ముగ్గుర్ని "పై వారం పెట్టుకోండి" అనలేరు. సర్వర్ మీద లోడ్ పడితే పక్క సర్వర్‌కి పంపుతాం, ఇక్కడ లోడ్ బ్యాలెన్సింగ్ కుదరదు బాసూ.

మావాడు ఇదంతా ముందే చూసుకున్నాడు. రెండేళ్లు వీకెండ్స్‌లో ఒక సీనియర్ ఫొటోగ్రాఫర్ దగ్గర పని చేశాడు. దానికి ముందు ఆఫర్ లెటర్ తీసి, బయట పని చేయొచ్చా లేదా అన్న క్లాజ్ చదువుకుని, మేనేజర్ దగ్గర రాతపూర్వకంగా పర్మిషన్ తీసుకున్నాడు. మీరూ చదవండి, చాలామంది చదవరు. 2024 ఏప్రిల్ ఆఖర్లో, మూఢం మొదలయ్యే వారంలో, పేపర్స్ వేశాడు. 90 రోజుల నోటీస్. పెళ్లిళ్లు లేని మూడు నెలలూ కంపెనీ జీతం తీసుకున్నాడు, జూలై ఆఖరుకి రిలీవ్ అయ్యాడు, శ్రావణంలో మొదటి పెళ్లి కొట్టాడు. నాకు తెలిసి పంచాంగం చూసి రిజైన్ చేసిన సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ వాడొక్కడే.

ఇక పని. రీల్స్‌లో మనకి కనపడేది సాయంత్రం ఎండలో స్లో మోషన్. అసలు పరీక్ష జీలకర్ర బెల్లం దగ్గర. ముహూర్తం తెల్లవారుజామున రెండుంపావుకి ఉంటుంది. మేనమామలు బుట్టలో పెళ్లికూతుర్ని తెస్తారు, మధ్యలో అడ్డుతెర. పంతులుగారు వాచీ చూస్తుంటారు. ఒక్కసారి మేళం హోరెత్తుతుంది, ఇద్దరి చేతులూ ఒకరి తల మీద ఒకరికి, తెర దిగుతుంది. ఒకళ్లనొకళ్లు చూసుకునే ఆ రెండు సెకన్లలో, మీ లెన్స్ ముందుకి ఓ బాబాయి ఫోన్ పట్టుకుని వచ్చేస్తాడు. గ్యారంటీగా వస్తాడు. "బాబాయ్ గారూ, కొంచెం" అని ఎడమ చేత్తో పక్కకి జరుపుతూ కుడి చేత్తో షట్టర్ నొక్కడం ఏ యూట్యూబ్ ట్యుటోరియల్‌లోనూ లేదు. ప్రొడక్షన్‌లో బగ్ వస్తే రోల్‌బ్యాక్ ఉంటుంది, ఇక్కడ తెర మళ్లీ పైకెత్తమని ఎవర్నీ అడగలేం. అందుకే మావాడు రెండు కార్డ్ స్లాట్లు లేని కెమెరా ముట్టుకోడు, ప్రతి ఫొటో రెండు కార్డుల్లోనూ పడాలి. తెల్లారి వచ్చి రెండు హార్డ్ డిస్కుల్లోకి కాపీ అయ్యేదాకా పడుకోడు.

డబ్బు సంగతికొద్దాం. రెండు రోజుల పెళ్లి ప్యాకేజీ లక్షా అరవై అనుకోండి. వినడానికి బ్రహ్మాండం. అందులో సెకండ్ ఫొటోగ్రాఫర్, ఇద్దరు వీడియో వాళ్లు, డ్రోన్, ఎడిటింగ్, ఆల్బమ్ ప్రింటింగ్, కారు. వాడికి మిగిలేది నలభై అయిదు వేలు, బాగుంటే యాభై. పైగా మొదటి ఏడాది వాడికి దొరికింది పాతిక కాదు, పదిహేడు.

అదైనా సమయానికి చేతికొస్తుందా? చివరి విడత ఆల్బమ్ ఇచ్చాక అంటారు. ఆల్బమ్ ప్రింట్ అవ్వాలంటే వాళ్లు నాలుగు వేల ఫొటోల్లోంచి రెండొందలు సెలెక్ట్ చేయాలి. అమ్మాయి అప్పటికే డల్లాస్ వెళ్లిపోయి ఉంటుంది. అత్తగారి వైపు ఫొటోలు తక్కువయ్యాయని ఇక్కడ పేచీ. ఒక ఆల్బమ్ పదకొండు నెలలు ఆగింది. ఇప్పుడు అగ్రిమెంట్ మార్చాడు: ఫొటోగ్రఫీ డబ్బు మొత్తం అప్పగింతల లోపు ఇచ్చేయాలి, ఆల్బమ్‌కి వేరే బిల్లు.

జాబ్‌తో పాటు పోయే రెండు విషయాలు చెప్పి తీరాలి. ఒకటి, అమ్మానాన్నలకి కూడా ఉన్న కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్. మామూలుగా రిలీవింగ్‌తోనే పోతుంది. వాళ్ల నాన్నకి షుగర్ ఉంది. కొత్త పాలసీలో ముందునుంచి ఉన్న జబ్బులకి వెయిటింగ్ పీరియడ్ మూడేళ్ల దాకా ఉండొచ్చు. కాబట్టి వీడు పేపర్స్ వేయడానికి చాలా ముందే సొంతంగా పాలసీ తీసుకున్నాడు. రెండోది, హోమ్ లోన్. పేస్లిప్ లేకపోతే బ్యాంకులు చాలావరకు కనీసం రెండేళ్ల ఐటీ రిటర్న్స్ అడుగుతాయి. వాళ్ల ఇల్లు ఇంకా అద్దెదే. ఆ ఇల్లు కొనే ఆలోచన ఇప్పటికి వెనక్కి పోయింది, ఇందులో దాచేదేం లేదు.

ఇంకోటి చెప్పాలా? వందల మంది పెళ్లి ఫొటోలు తీసినవాడికి సంబంధాలు తగ్గాయి. దాదాపు ఖాయమైన ఒకటి, జాబ్ మానేశాడని తెలిసి వెనక్కి పోయింది. బయోడేటాలో వాళ్లమ్మ ఇప్పటికీ "బీటెక్, సొంత బిజినెస్" అని రాస్తుంది. ఫొటోగ్రఫీ అన్న మాట రాయదు. వాడు నవ్వుతూనే చెప్పాడు గానీ, నాకు నవ్వు రాలేదు.

మరి నాన్నగారి ప్రశ్న? వాడు రెండో బ్యాంకు ఖాతా తెరిచాడు. పెళ్లిళ్ల డబ్బంతా అందులో పడుతుంది. అందులోంచి ప్రతి నెలా ఒకటో తారీఖున నలభై వేలు ఇంటి ఖాతాకి ఆటోమేటిక్‌గా వెళ్తుంది, పెళ్లిళ్లు ఉన్నా లేకున్నా. మొన్నటి మూఢంలో మూడు సార్లు వెళ్లింది. మధ్యలో రెండు క్రిస్టియన్ పెళ్లిళ్లు, ఒక నిఖా, ఓ చీరల షాపు కేటలాగ్ షూట్ దొరికాయి. ఆ ఖాళీని దాటించింది అవే. అయినా జనవరి ఆఖరుకి ఆ ఖాతాలో పదకొండు వేలే మిగిలాయి. ఒకటో తారీఖుకి తన బైక్ అమ్మి పంపాడు. నాన్నకి చెప్పలేదు. ఆయన ఈ వీడియో చూడరు, మీరెవరూ చెప్పకండి.

సరే, నేనిక బయల్దేరాలి. ఈ రాత్రి వాడితోనే గుంటూరులో పెళ్లి, ముహూర్తం 3 గంటల 12 నిమిషాలకి. ఉంటా.