మసక వెలుతురులో పక్షుల ఫోటోలు
(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రిటైరయ్యాక కాలక్షేపం గురించి మాట్లాడమని కార్యదర్శి గారు ఆదేశించారు. నేను ఆఫీసులో గుమాస్తాగా నోట్ ఫైళ్లు రాసినవాణ్ణి, ఉపన్యాసాలు ఎరగను. నాకు తెలిసిన ఒక్క విషయం చెప్పి కూర్చుంటాను. మునిమాపు వేళ, ఫ్లాష్ వెయ్యకుండా, స్టాండు లేకుండా పక్షులను ఫోటో తియ్యడం ఎలాగన్నదే ఆ విషయం.

ముందు ఫ్లాష్ సంగతి. ఇది తప్పు చేసి నేర్చుకున్న పాఠం. కొన్నేళ్ల క్రితం గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువుకు వెళ్లాను. దీపాలు పెట్టే వేళ. చెట్ల నిండా గూళ్లు, గూళ్లలో పిల్లలు. ఆత్రం కొద్దీ ఫ్లాష్ వేశాను. దగ్గరి చెట్టు మీది కొంగలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. తల్లి లేని ఒక గూటి మీద కాకి వాలింది. ఆ తరువాత అటు చూడలేకపోయాను. ఇంటికొచ్చి ఫోటో చూసుకుంటే గట్టు మీది గడ్డి తెల్లగా ఉంది, చెట్టంతా నల్లగా ఉంది. కెమెరా మీది చిన్న ఫ్లాష్ వెలుగు నాలుగైదు మీటర్లు దాటితే అంతగా పనిచెయ్యదట. ఆ గూటికి అపకారం చేసి నేను సంపాదించింది గడ్డి ఫోటో!

ఇక స్టాండు. వన్ టౌన్ నుంచి స్టేషనుకు నడిచి, గుడివాడ మీదుగా పోయే రైలెక్కి కైకలూరులో దిగితే ఆటపాక పక్షుల కేంద్రం దగ్గరే. అక్కడ చలికాలంలో గూడబాతులు గూళ్లు కడతాయి. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రాంసార్ జాబితాలో చేర్చారు. ఆ రైలు రద్దీలో మూడుకాళ్ల స్టాండు మొయ్యడం ఈ మోకాళ్ల వల్ల కాదు. పడవలో పెట్టినా పడవతో పాటు అదీ ఊగుతుంది.

అయితే నాకు మరో చిక్కు వచ్చింది. డెబ్బై దాటాక చేతులు సన్నగా వణకసాగాయి. కెమెరా అమ్మేద్దామనుకున్నాను. మా ఆవిడ ఏమీ అనకుండా పాత దుప్పటి గుడ్డతో ఒక సంచి కుట్టి, అందులో కిలో మినుములు పోసి ఇచ్చింది. గోడ మీద సంచి, సంచి మీద లెన్సు. కెమెరా కదలదు. తిరిగొచ్చాక మినుములు లెక్క ప్రకారం వంటింటికి జమ!

గోడ దొరకకపోతే చెట్టుకు వీపు ఆన్చండి. మోచేతులు డొక్కలకు అదమండి. ఊపిరి సగం వదిలి, మెల్లగా నొక్కండి. వరసగా నాలుగైదు తియ్యండి. నొక్కే అదురు మొదటి దానికి తగిలినా, మధ్యవి నిలకడగా వస్తాయి.

300 మిల్లీమీటర్ల లెన్సుకు సెకనులో 300వ వంతు వేగమైనా ఉండాలని పాత లెక్క. ఐ.ఎస్.ఓ. 400 దగ్గర 60వ వంతే వస్తుంటే, 3200కు పెంచండి. ఎనిమిది రెట్లు పెరిగి 480వ వంతు అవుతుంది. ఫోటోలో కాస్త ఇసుక చల్లినట్టుంటుంది, ఫరవాలేదు. ఇసుకను సహించవచ్చు, అలుక్కుపోయిన పక్షిని ఏం చేసుకుంటాం? రీలు రోజుల్లో 36 ఫోటోలయ్యే దాకా ఒకే వేగం ఫిలిముతో గడపాల్సి వచ్చేది. ఇప్పుడు ఒక మీట తిప్పితే చాలు.

అన్నిటికన్నా ముఖ్యం, పక్షి కదలకుండా నిలిచే క్షణం కోసం ఆగడం. చింతవక్క పగలంతా చెట్టు మీద కునికి, చీకటి పడే వేళ వేటకు దిగుతుంది. నీటి అంచున బొమ్మలా నిలబడుతుంది. మొన్న దుర్గా ఘాట్ దగ్గర గోడ మీద సంచి పెట్టుకుని అరగంట కూర్చున్నాను. ఒక్కటి దొరికింది. ఆ ఫోటో బయట బల్ల మీద పెట్టాను. నేను వచ్చేసేటప్పటికి కూడా ఆ పక్షి అక్కడే ఉంది. నాకు ఫోటో కన్నా అదే ఎక్కువ తృప్తి.

చేతులు వణుకుతున్నాయని ఇంట్లో కూర్చున్న మిత్రులెవరైనా ఉంటే నాతో రండి. సంచి నేను తెస్తాను. సెలవు.