ఆదాయ వ్యయములు: సర్కారువారి పంచాంగము
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాది నాడు పంచాంగ శ్రవణము మన ఆచారము. ఏ రాశివారికి ఆదాయమెంత, వ్యయమెంత అని సిద్ధాంతిగారు చదువుచుండగా మనమందరము చెవులు నిక్కించి విందుము. ఉగాదికి కొంచెము ముందు వెనుకగా, ఏప్రిల్ 1న, సర్కారువారి లెక్కల సంవత్సరము కూడ మొదలగును. ఆ పంచాంగమును మాత్రము మనలో చాలమంది వినుట లేదు. ఈ సాయంకాలము మేము చెప్పదలచినది దానిని గూర్చియే.

కామాఠీపుర యను పేరే మన పూర్వుల చెమటనుండి పుట్టినది. నిజాం రాజ్యపు తెలుగు సీమనుండి వచ్చి, రాయి మోసి, సున్నము కలిపి ఈ నగరమును కట్టిన కామాఠీల పేరది. మన దేశమునకు ఆదాయపు పన్ను 1860లోనే వచ్చినను, దినకూలివానికి దానితో పనిలేకుండెను. నేడట్లు కాదు. మేస్త్రీ కుమారుడు కంట్రాక్టరైనాడు. మనుమరాలు బ్యాంకిలో ఉద్యోగము చేయుచున్నది. ఊరిలో కట్టిన ఇల్లు అద్దెకున్నది.

“పన్నెండు లక్షలదాకా పన్ను లేదట గదా, మనకు రిటర్నెందుకు?” అని అడుగువారు ప్రతి చాల్‌లోను ఉన్నారు. ఈ మాటలో సగమే నిజము. 2025-26 నుండి క్రొత్త విధానములో 12 లక్షల వరకు మామూలు ఆదాయముపై పన్ను పడకపోవుట రిబేటువలన. రిటర్ను వేయవలసిన హద్దు వేరు. అది 4 లక్షలు. అనగా సాలునకు 7 లక్షలు గడించువాడు ఒక్క రూపాయి కట్టనక్కరలేదు గాని, లెక్క మాత్రము చూపవలెను. జీతగాండ్రకు గడువు సాధారణముగా జూలై 31. 2025లో సెప్టెంబరు 16 వరకు పొడిగించిరి గదా యని ప్రతి ఏడు అట్లే పొడిగింతురని కూర్చుండరాదు. గడువు దాటిన 5,000 రూపాయల రుసుము. ఆదాయము 5 లక్షలకు మించనివారికి 1,000. 1961 నాటి చట్టమునకు బదులు 2025లో చేసిన క్రొత్త చట్టమునకు అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. సెక్షన్ల అంకెలు మారినవి గాని, సామాన్యుని బాధ్యత మారలేదు.

ఇక మేస్త్రీల సంగతి. దీనిని కొంచెము విపులముగా చెప్పవలెను, ఏలయన ఇచ్చట పోవుచున్నది మన సొమ్మే. ఒక మేస్త్రీ ఏడాదిలో ఒక కంపెనీకి 10 లక్షల రూపాయల పని చేసినాడనుకొందము. కంపెనీ నూటికి రూపాయి చొప్పున 10,000 టి.డి.యస్. క్రింద కోసి సర్కారుకు జమకట్టును. చిన్న వ్యాపారులు ఖాతాపుస్తకములు లేకుండ రాబడిలో 8 శాతము (బ్యాంకి ద్వారా వచ్చినదానిపై 6 శాతము) లాభముగా చూపవచ్చును. ఆ లెక్కన అతని ఆదాయము 80,000. వేరే ఆదాయము లేనియెడల పన్ను సున్న. కోసిన 10,000 పూర్తిగా అతనిదే. కాని రిటర్ను వేసిననే తిరిగి వచ్చును. పాన్ కార్డు ఇయ్యనివానికి కోత నూటికి ఇరువది. కూలీలకు తన చేతినుండి పంచిపెట్టువాడు 2 లక్షలు సర్కారు ఖాతాలో విడిచిన వాని ఇల్లు గడచుటెట్లు?

ఇండ్ల విషయము మన చాళ్ళలో చిక్కైనది. పగ్డీ ఇచ్చి ఖోలీలో ఉన్నవాడు కిరాయిదారు గాని యజమాని కాడు. ఊరిలో సొంత ఇల్లు నెలకు 6,000కు అద్దెకిచ్చినాడనుడు. ఏటికి 72,000. పురపాలక పన్ను 2,000 కట్టియున్న మిగిలినది 70,000. అందులో నూటికి ముప్పది, అనగా 21,000, చట్టమే తీసివేయును. చూపవలసినది 49,000. పగ్డీ ఖోలీని మరియొకరికి కిరాయికిచ్చువానికి ఈ ముప్పది వంతు తగ్గింపు లేదు. అది ఇంటి ఆదాయము క్రిందకు రాదు, ఇతర ఆదాయము క్రిందకు వచ్చును. పైగా యజమాని సమ్మతి లేకుండ అట్లిచ్చిన ఖోలీకే ముప్పు. ఊరిలో పొలముపై వచ్చినదానికి పన్ను లేదు గాని, 5,000 దాటిన రిటర్నులో చూపవలెను. తెలంగాణ పురపాలక సంఘములు బకాయి లేనివారికి ఏప్రిల్‌లోనే ఏడాది పన్ను కట్టిన 5 శాతము తగ్గించుచు వచ్చినవి. ఇల్లు చూచుకొను తమ్మునికి ఈ నెలలోనే ఫోను చేయుడు.

ముంబయిలో సొంత ఫ్లాటు కొన్నవారికి ఒక శుభవార్త పాతదే: 500 చదరపు అడుగుల లోపు నివాసములకు 2022 జనవరి 1 నుండి నగరపాలిక ఆస్తి పన్ను మాఫీ చేసినది. దుకాణములకిది వర్తింపదు. మిగిలినవారికి బిల్లు ఏటికి రెండు మార్లు. ఆలస్యమునకు నెలకు 2 శాతము.

పన్ను రసీదు హక్కు పత్రమని మనవారిలో ఒక భ్రమ కలదు. కాదు. కామాఠీపుర పాత భవనముల పునర్నిర్మాణమునకు మ్హాడా 2025లో టెండర్లు పిలిచినది. అటువంటి వేళ ముందుగా అడుగునది ఖోలీ ఎవరి పేర నున్నదని. ఎన్నో ఇండ్లలో భాడా పావతి ఈనాటికిని తాతగారి పేరనే వచ్చుచున్నది! కిరాయిదారు మరణించిన, అతనితో కలిసియున్న కుటుంబ సభ్యునికి ఆ హక్కు సంక్రమించును. ఒప్పందము కుదరనియెడల కోర్టు నిర్ణయించును. అన్నదమ్ములు మాటలాడుకొనుచున్న కాలముననే పేరు మార్పించుకొనుట మేలు. క్రొత్త ఇంటికి బ్యాంకి ఋణము కావలసినపుడు మూడేండ్ల రిటర్నులు చూపుమందురు. నాడు వెదకిన దొరకవు.

చివరగా ఏజెంట్ల మాట. లేని ఖర్చులు వ్రాసి రిఫండు తెప్పింతుమనువారిని గుమ్మము ఎక్కనీయకుడు. నోటీసు వచ్చునది మీ పేరనే. మన పిల్లలలో అకౌంటెన్సీ చదివినవారు కొరతలేదు, వారినడుగుడు. ఎవరు వేసిపెట్టినను ఫోను నంబరు మీది ఉండవలెను, పాస్‌వర్డు మీ యొద్ద ఉండవలెను. రిటర్ను పంపిన 30 దినములలో ఆధార్ ఓ.టి.పి.తోనో, మరియొక విధముగనో ధ్రువపరచవలెను. గడువులో ధ్రువపరచని రిటర్నునకు, సమయమునకు పంపినదను గుర్తింపు ఉండదు.