భీముని పాదము నుండి పాకాల వరకు

వానకాలమున ఒక్క పగలు తీరిక దొరికినచో మహబూబాబాదు జిల్లా గూడూరు అడవులకు వెళ్లి రండి. భీముని పాదము కంటికంటె ముందు చెవికి అందు జలపాతము. భీముడు అడుగు మోపిన చోటని జనులందురు. రాళ్లపై నాచు కలదు. అడుగు చూచి వేయవలెను. వానలు తగ్గిన కొలది ధార సన్నగిల్లును.

మధ్యాహ్నమునకు పొరుగున ఉన్న పాకాల చేరవచ్చును. అది కాకతీయ గణపతిదేవుని కాలమున, 1213 ప్రాంతమున నిర్మితమైన చెరువు. చుట్టును అభయారణ్యము: చుక్కల దుప్పులు, ఎలుగుబంట్లు, నెమళ్లు, నీట మొసళ్లు.

ఒక్క మనవి. సాయంకాలము దుప్పి నీటికై గట్టు చేరును. మన కేక విన్నచో దాహము తీరకయే మరలిపోవును. మనకది వినోదము, దానికది ప్రాణము. కావున గొంతు తగ్గించి చూడుడు. పొద్దు వాలకముందే ఇల్లు చేరుడు.