ఎండను వెదకిన దంపతులు
(రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసపాఠము)



పల్లెటూళ్లలో ప్రయాణమునకు కారణము చెప్పవలసి యుండును. వ్యాజ్యమునకో, పశువుల సంతకో, పెండ్లి సంబంధమునకో బయలుదేరినవానిని ఎవ్వరును ప్రశ్నింపరు. వృద్ధదంపతులు కాశీ రామేశ్వరములకు వెడలినచో ఊరివారు పొలిమేరదాక సాగనంపుదురు. కాని ఆలుమగ లిరువురు ఏ పనియు లేక, మంచి యెండ కాయుచోట, సముద్రపుగాలి వీచుచోట నాలుగు నెలలు ఊరక కూర్చుండి వత్తుమని బండి కట్టించినచో లోకము నవ్వును.

అయినను మన కవులు అట్టి విహారమును తక్కువ చేసి చూడలేదు. వాల్మీకి అయోధ్యాకాండమున శ్రీరాముడు సీతకు చిత్రకూటమును, మందాకినిని చూపుచు రాజ్యము పోయిన దుఃఖమును మరచును. కాళిదాసు రఘువంశమున పదుమూడవ సర్గలో రాముడు పుష్పకమునుండి సీతకు సముద్రమును, అరణ్యములను, తాము బాధపడిన తావులను చూపుచు వచ్చును. ఈ రెండు ఘట్టములను కలిపి చదివినచో ఒక సంగతి తేటపడును. విహారమునకు వెనుక కష్టమున్నది, ప్రక్కన తోడున్నది. ఈ రెండును లేని విహారము ఉప్పులేని కూడు. నేటి ఉపన్యాసమునకు విషయమైన దంపతులు మన దేశమువారు కాకున్నను, వారి చరిత్ర ఈ మాటకు చక్కని ఉదాహరణము.

రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ 1850వ సంవత్సరమున స్కాట్లండు దేశమున ఎడింబరో నగరమున జన్మించెను. అతని తాతయు తండ్రియు సముద్రమున దీపస్తంభములు కట్టి పేరుపొందిన ఇంజనీర్లు. ఇతడు ఆ వృత్తి విడిచి కలము పట్టెను. నిధికొఱకై ఓడయెక్కిన బాలుని కథ "ట్రెజర్ ఐలండ్" ఇతని రచనయే. దానిని నండూరి రామమోహనరావుగారు "కాంచనద్వీపం" అను పేర తెలుగు బాలుర కందిచ్చిరి. ఇతనికి చిన్ననాటినుండి ఊపిరితిత్తుల జబ్బు. చలిగాలి తగిలిన దగ్గు, దగ్గు ముదిరిన రక్తము. స్వదేశమున చలియు మంచును మెండు. కావున ఎండ కాయు దేశమును వెదకుట ఇతనికి వేడుక కాదు, ప్రాణావసరము.

1876లో ఫ్రాన్సుదేశమున గ్రే అను పల్లెలో ఇతడు ఫానీ ఆస్‌బోర్న్ అను అమెరికా వనితను చూచెను. ఆమె ఇతనికంటె పదేండ్లు పెద్దది. మొదటి సంసారము చెడి, కడగొట్టు కుమారుని పోగొట్టుకొని, మిగిలిన యిద్దఱు బిడ్డలతో అచ్చట తల దాచుకొనియుండెను. తరువాత ఆమె కాలిఫోర్నియాకు మరలిపోగా, 1879లో స్టీవెన్‌సన్ తల్లిదండ్రులకు చెప్పకయే ఓడ యెక్కి, బీదవలసజనుల రైలులో ఖండము దాటి ఆమెను చేరెను. ఆ ప్రయాణమున ప్రాణము కడబట్టినది. 1880వ సంవత్సరము మే నెల 19వ తేదీన సాన్‌ఫ్రాన్సిస్కో నగరమున వారికి వివాహమైనది. క్రొత్త దంపతులు కాపురము పెట్టినది మేడలో కాదు. పాడుపడిన వెండిగనియొద్ద తలుపులు లేని కొట్టములో ఆ వేసవి గడపిరి.

అది మొదలు వారి బ్రదుకంతయు ప్రయాణమే. స్విట్జర్లండులో దావోసు కొండలపై రెండు శీతకాలములు గడపిరి. ఆ గాలి భర్తకు మేలు చేసినను ఆ యెత్తు భార్య గుండెకు సరిపడలేదు. పిమ్మట ఫ్రాన్సు దక్షిణతీరమున ఇయేర్ అను ఊరు చేరిరి. చిన్న యిల్లు, తోట, ఎదుట మధ్యధరాసముద్రము. తన బ్రదుకున నిజమైన సుఖము అచ్చటనే యని అతడు తరువాత వ్రాసికొనెను. అయితే ఆ సుఖకాలముననే రక్తము కక్కి మంచమెక్కెను. కన్నులకు జబ్బు చేసి చీకటిగదిలో పండుకొనెను. ప్రక్కన కూర్చుండి రాత్రులు మేల్కొన్నది ఫానీ. అతడు సుఖమని వ్రాసిన దినములలో ఆమె నిద్రలేని రాత్రులెన్ని యున్నవో! జమ యొకవైపు, ఖర్చు మఱియొకవైపు వ్రాయని లెక్క లెక్కయే కాదు. సంసారపు లెక్కయు అంతియే.

1887లో తండ్రి గతించెను. మఱుసటి యేడు స్టీవెన్‌సన్ దంపతులు, అతని ముసలితల్లియు, ఫానీ కుమారుడు లాయిడ్డును వెంటరాగా, "కాస్కో" అను విహారనౌకను బాడుగకు తీసికొని జూన్ 28వ తేదీన సాన్‌ఫ్రాన్సిస్కో రేవు విడిచిరి. నెలదినములకు మార్కెసాస్ దీవులు, తరువాత పగడపుదిబ్బల దీవులు, అనంతరము తాహితి. చలిదేశమున గది విడిచి రాలేనివాడు అచ్చట మోకాలిలోతు నీట గవ్వలేరెను, గుఱ్ఱమెక్కెను, ఎండలో నడచెను.

ఇచ్చట గమనింపవలసిన విషయ మొకటి కలదు. ఫానీకి సముద్రమన్న భయము. ఓడ కదలినంతనే తల తిరిగి వాంతులగును. తనకు సముద్రము గిట్టదనియు, అపాయకాలమున కేకలు వేయనందున తన భయమును ఎవ్వరును నమ్మరనియు ఆమెయే స్నేహితులకు జాబు వ్రాసెను. అట్టి స్త్రీ రెండేండ్లలో మూడు ఓడలెక్కి పసిఫిక్కు మహాసముద్రమున దీవినుండి దీవికి తిరిగెను. భర్తకు ఊపిరి ఆడుచున్నది. ఆమెకు ఆ మాట చాలినది.

తాహితిదీవిలో తౌతిరా అను పల్లెలో జరిగిన సంగతి మన పల్లెవారు వినదగినది. స్టీవెన్‌సన్ జబ్బుతో అచ్చట దిగెను. మోయె అను రాజవంశపు స్త్రీ పచ్చిచేపను కొబ్బరితో, నిమ్మరసముతో కలిపి పెట్టి అతని తేర్చెను. ఓడ కొయ్యస్తంభము లోలోపల చివికిపోయినట్లు అప్పుడే బయటపడినది. మరమ్మతునకు ఓడ వేరొక రేవునకు పోగా వారాలు గడచినవి. చేతిలో పైకము, తినుటకు సరకులు తరిగినవి. ఓరీ అను ఆ పల్లెపెద్ద తన యిల్లును వారికి విడిచి, ఇది మీ యిల్లే, తిండి మాదే యని చెప్పెను. ఆ మాటలకు స్టీవెన్‌సన్ కన్నీరు పెట్టుకొనెను. ఇరువురును అన్నదమ్ములై పేర్లు మార్చుకొనిరి. రెండు దినములుండి దీవి చూచితిమని పోవువారికి ఈ బాంధవ్యము దొరకదు. తీరికగా కూర్చున్నవారికే ఊరు తలుపు తీయును.

1889లో "ఈక్వేటర్" అను ఓడపై గిల్బర్టు దీవులకు పోయిరి. అబెమామా దీవిలో తెంబినోకా అను రాజు పరదేశీయుల నెవ్వరిని తన దీవిలో నిలువనిచ్చువాడు కాడు. వీరిని మాత్రము పరీక్షించి చూచి, ఇండ్లు మోయించి తెప్పించి కాపురముంచెను. ఫానీ ఆ రాజునకు సొఱచేప గుర్తుగల జెండాను కల్పించి యిచ్చెను. ఆ దినములలో దంపతులకు వాదమును జరిగినది. అతడు ఆ దీవుల భాషలు, ఆచారములు శాస్త్రగ్రంథముగా వ్రాయనెంచెను. నీవు కన్నది, నీకు జరిగినది వ్రాయుమని ఆమె పట్టుపట్టెను. మఱునాటి పాఠకులు పలువురు ఆమె మాటయే సరియనిరి.

1890లో "జానెట్ నికాల్" అను ఆవిరియోడపై మూడవ యాత్ర. సిడ్నీలో భర్త మంచమెక్కగా ఆమెయే రేవంతయు తిరిగి ఆ ఓడను కుదిర్చెను. న్యూజీలండు రేవు విడిచిన కొలదిసేపటికే లోపలి బాణసంచా సామాను అంటుకొని గది మండెను. మంటలో నున్న పెట్టె నొకదానిని నావికులు సముద్రమున పడవేయబోగా ఫానీ చూచి ఆపెను. ఆ పెట్టెలో నున్నవి భర్త వ్రాతప్రతులు. ఆమె ఒక క్షణము ఆలసించిన ఆ వ్రాత లన్నియు చేపల పాలయ్యెడివి.

తుదకు వారు సమోవాదీవిలో వైలిమా అనుచోట సుమారు 300 ఎకరముల అడవినేల కొని ఇల్లు కట్టిరి. చలిదేశమునకు మరలిన ప్రాణము నిలువదని వైద్యులమాట. ఫానీ పార పట్టి కూరగాయలు నాటించెను. కోకోతోట వేయించెను. భర్త ఉదయమున వ్రాయును, సాయంకాలమున దీవివారితో కూర్చుండును. వారు అతనిని తుసితాలా అని పిలిచిరి. కథలు చెప్పువాడని దాని అర్థము. 1893లో అచ్చట అంతర్యుద్ధము జరిగి, ఓడిన పక్షపు నాయకులు చెరలో పడిరి. ఈ దంపతులు చెరసాలకు పోయి వారికి తిండియు పొగాకును అందించిరి. విడుదలయైన పిమ్మట 1894లో ఆ నాయకులు తమ చేతులతో వైలిమాకు బాట వేసి, ప్రేమహృదయుల బాట యని పేరు పెట్టిరి. కూలి పుచ్చుకొనలేదు.

ఆ యేడే డిసెంబరు 3వ తేదీ సాయంకాలము, భోజనమునకై భార్యతో కూడ నూనె, గ్రుడ్లు కలిపిన ఆధరువు చేయుచు స్టీవెన్‌సన్ తలపట్టుకొని కూలెను. ఆ రాత్రియే ప్రాణము విడిచెను. అప్పటికి 44 ఏండ్లు. మఱునాడు సమోవావారు వయీయా కొండపైకి అడవి నరకి త్రోవ చేసి, శవపేటికను భుజములపై మోసికొనిపోయిరి. ఇన్నేండ్లు అతనిని భయపెట్టినది ఊపిరితిత్తి. చంపినది మెదడులో పగిలిన నరము. ఫానీ 1914లో కాలిఫోర్నియాలో గతించెను. మఱుసటి సంవత్సరము ఆమె చితాభస్మమును సముద్రముమీదుగా తెచ్చి భర్త ప్రక్కనే ఉంచిరి. ఆమె భయపడిన సముద్రమును కడసారి దాటినది అట్లు.

సోదరులారా! ఈ చరిత్రమునుండి గ్రహింపదగినది రెండు మాటలు. ఎండయు గాలియు వారికి పదునాలుగేండ్ల దాంపత్యము నిచ్చినవి. కాని ఎండ ఒక్కటియే ఇయ్యలేదు. తోడువచ్చినవారి ఓర్పు, ఇల్లిచ్చినవారి ఔదార్యము కలిసి యిచ్చినవి. విహారమునకు వెడలు భర్త, ప్రక్కనున్నదానికి ఆ సముద్రము ఎట్లున్నదో ఒకసారి అడుగవలెను. పోయినచోట ఆ ఊరివారి చేతి ముద్ద తినవలెను.

ఓడ యెక్కు యోగ మందఱకు లేదు. కాని తుసితాలా చెప్పిన కథ, సముద్రమును చూడని పల్లెబాలునికి గ్రంథాలయపు బీరువాలో కాచుకొనియున్నది. ఇరువదియైదేండ్లుగా ఆ బీరువాకు తాళము తీసి, దీపము పెట్టి, దుమ్ము దులిపి, పుస్తకము చేతికిచ్చిన కార్యకర్తల ఋణము ఈ గ్రామమునకు కలదు. వారు వేసిన బాటయు కూలి పుచ్చుకొనని బాటయే. దానిపై గడ్డి మొలవకుండ నడచుచుండుట పాఠకుల పని.

స్వస్తి.