పెద్ద చిత్రములు, చిన్న చిత్రములు
(గ్రామ పంచాయతీ సభ్యుల యెదుట చేసిన ప్రసంగ పాఠము)



మన కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతములలో గొలుసుకట్టు చెరువుల నెరుగనివారు లేరు. ఎగువ చెరువు నిండి అలుగు పారినగాని దిగువ కుంటకు నీరు రాదు. ఎగువవారు నీటినంతయు బిగబట్టినచో దిగువ పొలము ఎండును. పెద్ద చలనచిత్రములకు, చిన్న చిత్రములకు గల సంబంధము ఇట్టిదే యని మేము తలంచుచున్నాము.

పట్టణములోని సినిమా హాలు నిలుచుటకు పెద్ద చిత్రము కావలెను. 2017లో ‘బాహుబలి’ రెండవ భాగము, 2022లో ‘ఆర్.ఆర్.ఆర్.’ వచ్చినప్పుడు హాళ్లు కిటకిటలాడినవి. అట్టి రాబడి లేక హాలు మూతపడినచో చిన్న చిత్రమునకును చోటుండదు. కాని పెద్ద చిత్రము వచ్చిన వారము హాళ్లలో అధికభాగము దానికే పోవును. ప్రభుత్వానుమతితో టిక్కెట్టు ధర పెరిగిన సందర్భములును పెక్కు గలవు. వినోదమునకు దాచిన సొమ్మంతయు ఒక్క ఆటకే వెచ్చించిన కుటుంబము చిన్న చిత్రమునకు ఏమి మిగుల్చును? పేరుమోసిన నటులు లేని చిత్రమునకు చూచినవారి మాటయే ప్రచారము. ఆ మాట ఊరు చేరునంతలో చిత్రము హాలునుండి తొలగిపోవుచున్నది.

‘బలగం’ చిత్రము ఇందుకు భిన్నముగా నడచినది. సిరిసిల్లకు చెందిన వేణు యెల్దండి దర్శకత్వమున అది 2023 మార్చి 3న విడుదలైనది. పెద్ద చిత్రములు తీయు దిల్ రాజు కుటుంబమే దానిని నిర్మించినది. ఎగువ నీరు దిగువకు పారుట యనగా ఇదియే. పిండమును కాకి ముట్టకపోవుట, నల్లి బొక్క దగ్గర పుట్టిన అలక బావ బావమరదులను విడదీయుట అందలి కథ. జనులు తమ ఇంటినే తెరపై చూచుకొనిరి. ఊరూర తెరలు కట్టి సామూహికముగా తిలకించిరి. దానిని చూచి విడిపోయిన అన్నదమ్ములు కలసిరని పత్రికలు వ్రాసినవి. అందలి పాటకు కాసర్ల శ్యామ్ 71వ జాతీయ చలనచిత్ర పురస్కారములలో ఉత్తమ గీత రచయితగా ఎన్నికైరి.

అయినను ఒక మాట దాచరాదు. ఆ గ్రామ ప్రదర్శనలలో అనుమతి లేనివియు నుండినందున నిర్మాతల పక్షమున పోలీసులకు ఫిర్యాదు వెళ్లినది. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము బహిరంగ ప్రదర్శనకు హక్కుదారుల అనుమతి అవసరము. మన అభిమానము చిత్రమునకు కీర్తి తెచ్చినది. కాని ఉచిత ప్రదర్శన వలన మరియొక చిన్న చిత్రమునకు పెట్టుబడి సమకూడదు.

కావున పంచాయతీ సభ్యులకు మా మనవి రెండు మాటలు. మన ప్రాంతపు మంచి చిత్రము వచ్చినప్పుడు మొదటి వారముననే హాలులో చూడుడని పదిమందికి చెప్పుడు. ఊరిలో ప్రదర్శింపదలచినచో ముందుగా వ్రాతపూర్వకమైన అనుమతి పొంది, తగిన రుసుము చెల్లించుడు.

చెరువు నీటిని వంతుల ప్రకారము పంచుటకు నీరటికాడు ఉండెడివాడు. చలనచిత్రముల విషయమున ఆ నీరటికాడు ప్రేక్షకుడే. తూము మన చేతిలోనే యున్నది.